విజయకుమారి అరవై నెలలు

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల వెనక వీధికి వెళ్ళి విజయకుమారి ఇల్లేదని అడిగితే చాలామందికి తెలియదు. పైపుల మేడమ్ ఇల్లని అడిగితే మాత్రం చేతిలో పని ఆపి మరీ దారి చూపిస్తారు. తొమ్మిదేళ్ళ పాటు ఆమె ఉద్దానం ప్రాంతపు ఊళ్ళలో మంచినీటి పైపులైన్లూ, ట్యాంకులూ, బడి గదులూ కట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేసింది. పుట్టింది వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో. తండ్రి అప్పలరాజు చేపల వేటకు వెళ్ళే మనిషి. తల్లి బొడ్డమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస వీధులన్నీ తిరిగి కూతురిని సివిల్ డిప్లొమా దాకా చదివించింది. భర్త ఉమామహేష్ జీడి ఫ్యాక్టరీలో మెకానిక్కు.

పని ఎంత పెరిగినా కంపెనీ కాగితాల్లో ఆమె పేరు పక్కనున్న మాట మారలేదు. చేరిన రోజున సైట్ అసిస్టెంట్, తొమ్మిదేళ్ళ తర్వాతా సైట్ అసిస్టెంటే. మేస్త్రీలు ఆమె చెప్తేనే కందకం తవ్వేవారు. కుళాయి రాకపోతే సర్పంచి నేరుగా ఆమెకే ఫోన్ చేసేవాడు. అందుకని ఆ మాటను ఆమె ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు, పోయిన వేసవిలో టెక్కలి వెళ్ళేదాకా.

తీరం వెంబడి పెద్ద పనులు చేసే ఒక కంపెనీ టెక్కలిలో ఆఫీసు తెరిచింది. ఇంటర్వ్యూ చేసిన లక్ష్మీప్రియ అనే ఆవిడ విజయ చెప్పిందంతా ఓపిగ్గా వింది. మధ్యలో రెండుసార్లు పెన్ను కింద పెట్టి మరీ వింది. చివరికి అసలు సంగతి చెప్పింది.

"మీకు పని వచ్చని నాకర్థమైంది. కానీ మేం క్లయింటుకి సర్టిఫికెట్ చూపించాలండీ. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో రెండున్నాయి. చిన్నది సీఏపీఎం. అదుంటే అసిస్టెంట్ కోఆర్డినేటర్‌గా తీసుకుంటాం. పెద్దది పీఎంపీ. అదుంటే కోఆర్డినేటర్. రెండు పోస్టులూ ఆరు నెలల్లో నింపాలి. మీరు ఏది తెస్తారో తెండి."

ఇంటికొచ్చి విజయ రెండింటి సంగతీ చదివింది. చిన్నదానికి అనుభవం అక్కర్లేదు. ఇంటర్ చదివి, కొన్ని గంటల క్లాసులు విన్నవాళ్ళెవరైనా రాయొచ్చు. పెద్దదానికి క్లాసులు ముప్పై ఐదు గంటలు వినాలి, దాంతోపాటు అప్పటికే ప్రాజెక్టులు నడిపి ఉండాలి. డిగ్రీ ఉంటే మూడేళ్ళు. డిప్లొమా వాళ్ళకైతే ఐదేళ్ళు, అంటే అరవై నెలలు. పనిలో ఉంటే చాలదు, పనిని నడిపించి ఉండాలి. అవసరమైతే అది నిజమేనని పై అధికారి సంతకం పెట్టాలి.

ముప్పై ఐదు గంటల క్లాసు రెండింటికీ పనికొస్తుంది కనుక విశాఖలో ఒకాయన ఆన్‌లైన్‌లో చెప్పే క్లాసులో ముందు చేరిపోయింది. పూండి నుంచి గౌతమి అనే పిల్ల కూడా అదే క్లాసులో చేరింది. విజయకు పిన్ని కూతురు, ఆ ఏడే బీటెక్ పూర్తిచేసింది. వాళ్ళింట్లో సిగ్నల్ సరిగా ఉండదని ప్రతి ఆదివారం రైలెక్కి కాశీబుగ్గ వచ్చేది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే లాప్‌టాప్ ముందు కూర్చునేవారు.

మూడో వారం క్లాసు అయ్యాక విజయ ఆ మాస్టారిని అడిగింది, తనకు ఏది మంచిదని.

"డిప్లొమా కదా మేడమ్, చిన్నది రాయండి," అన్నాడాయన. "పెద్దదానికి అప్లికేషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. పని చేయడం వేరు, నడిపించడం వేరు. మీరే నడిపించారని ఎవరో ఒకరు చెప్పాలి కదా."

కాల్ అయిపోయింది. గౌతమి లాప్‌టాప్ మూసి, "అక్కా, నాతోపాటు సిన్నదే రాసీ. ఇద్దరం ఒకే రోజు పోయి రాసీసి వచ్చీవొచ్చు," అంది.

కూతురు సంజనకు అన్నం పెడుతున్న ఉమామహేష్ కూడా అదే అన్నాడు. "ముందు సిన్నది రాసి ఉజ్జోగంలో సేరిపో. పెద్దది తరవాత రాసుకోవచ్చు. ఎవులాపుతారు నిన్ను?"

"ఎవులూ ఆపరు బావా," అంది విజయ. "అసిస్టెంటుగా సేరితే అసిస్టెంటుగానే సూత్తారు. తొమ్మిదేళ్ళు సూసినాను కదా."

"అయితే పెద్దదే రాస్తావా?"

"అరవై నెలలు ఉన్నాయో నేవో ముందు సూసుకోవాల. ఉంటే పెద్దది. నేకపోతే సిన్నది. ఇందులో బాధపడీదేటుంది?"

ఆ మధ్యాహ్నమే పాత క్యాలెండరు గోడ మీంచి తీసి, వెనక్కి తిప్పి, నేల మీద పరిచింది. తొమ్మిదేళ్ళంటే నూట ఎనిమిది నెలలు. మొదటి రెండేళ్ళలో తను చేసింది కొలతల కర్ర పట్టుకోవడం, కూలీల హాజరు రాయడం. ఆ ఇరవై నాలుగూ కొట్టేసింది. సంజన పుట్టాక ఇంట్లో ఉన్న తొమ్మిది నెలలూ కొట్టేసింది. అంతకుముందు, కడుపుతో ఉన్నప్పుడు, మందసలో ఒక బడికి గదులు కట్టారు. డాక్టరమ్మ ప్రయాణాలు వద్దనడంతో తను సైటుకి పోయిందే తక్కువ. ఆ తొమ్మిది నెలలు కూడా కొట్టేసింది. అరవై ఆరు మిగిలాయి.

"ఉన్నాయి కదే!" అన్నాడు ఉమామహేష్ పైనుంచి చూసి.

"నాను లెక్కేసుకుంటే సరిపోదు బావా. తారకేశ్వరరావు సార్ ఒప్పుకోవాల."

తారకేశ్వరరావు ఆ కంపెనీలో ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు చేసి, ఈమధ్యే మానేసిన మనిషి. ఆ అరవై ఆరు నెలల పనులన్నిటికీ కాగితం మీద ప్రాజెక్టు మేనేజరు ఆయనే. ఆయన సంతకం లేకపోతే ఆ నెలలు ఉన్నా లేనట్టే. ఆయన సంతకం పెడితే, తన పేరు మీదున్న పనులు ఇంకొకరు నడిపారని ఒప్పుకున్నట్టు. ఇది ఎంత ఇబ్బందైన మాటో విజయకు తెలుసు. ఫోన్లో అడిగే సంగతి కాదనుకుంది. మర్నాడు సెలవు పెట్టి, పలాసలో ప్యాసింజరెక్కి, హరిశ్చంద్రపురంలో దిగింది.

ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. గుండె ఆపరేషను తర్వాత మనిషి సగమయ్యాడు కానీ గొంతు తగ్గలేదు.

"రా అమ్మా విజయా. ఏటి, ఎండలో పడి వచ్చావు? ట్యాంకు కారుతుందా ఏటి?"

"ట్యాంకులు బాగున్నాయి సార్. మీతోనే పని."

మంచినీళ్ళు తాగి, ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు పరీక్షల సంగతి, టెక్కలి ఉద్యోగం సంగతి, అరవై నెలల సంగతి. పనుల పట్టీ రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇందులో సంతకం పెడితే ఏటవుతుందో తెల్సా? ఈ పనులు నేను చెయ్యలేదని నేనే రాసిచ్చినట్టవుతుంది."

"మీరు సెయ్యలేదని నాననడం నేదు సార్. మీరు నాకు వొదిలీసినవి నాను నడిపినానని అంటన్నాను. మీరు వొదల్నివి ఇందులో ఉంటే కొట్టీయండి. మీ ఎదురుగానే ఒప్పుకుంటాను."

ఆయన ఆమె వంక చూశాడు. తొమ్మిదేళ్ళలో ఆమె ఆయన్ని ఏదీ అడగలేదు. ఇప్పుడడిగినది కూడా దయ కాదు. లోపల్నుంచి పెన్ను తెప్పించుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ మందస లైను," అన్నాడు మొదటి పని మీద వేలు పెట్టి. "కాసులమ్మ తోట కదూ?"

"అవును సార్."

కాసులమ్మ అంటే ఆ లైను దారిలో జీడితోట ఉన్న ముసలామె. తుఫానుకి పాత చెట్లన్నీ పడిపోతే కొత్తగా నాటుకుంది, అవి అప్పుడప్పుడే కాపుకొస్తున్నాయి. పైపులు దిగాయి, పద్నాలుగు మంది కూలీలు పారలు పట్టుకుని నిలబడ్డారు. ఆమె వచ్చి కందకం గీత మీద చతికిలబడింది. నా చెట్ల వేళ్ళు తెగనివ్వను, నేనిక్కడే ఉంటాను, నా మీంచే తవ్వండంది. అప్పుడు తారకేశ్వరరావు విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడు. కంపెనీ వాళ్ళు పోలీసుల్ని పిలవమన్నారు. విజయ పిలవలేదు. వెళ్ళి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి తోట చుట్టూ నడిచారు. గట్టు వెంబడి పోతే పైపు కొంచెం ఎక్కువ పడుతుంది కానీ ఒక్క చెట్టుకీ దెబ్బ తగలదు. ఆ మార్పుకి పైనుంచి అనుమతి రావడానికి పదిరోజులు పడుతుంది కనుక, వచ్చే నెల చేయాల్సిన పక్క ఊరి ఇంటి కుళాయిల పనికి కూలీల్ని ఆ రోజే మళ్ళించింది. ఒక్క రోజు కూడా పని ఆగలేదు.

"నేను మంచం మీద ఉన్నాను," అన్నాడు తారకేశ్వరరావు. "నెలవారీ రిపోర్టులో మాత్రం నేనే సైట్లో ఉన్నాను. ఇది నీదే." టిక్కు పెట్టాడు. తర్వాతి దానికీ, దాని తర్వాతి దానికీ కూడా పెట్టాడు.

నాలుగోదాని దగ్గర ఆగాడు. అది సముద్రపు ఒడ్డున చేపలు దింపుకునే ప్లాట్‌ఫారం పని. పద్నాలుగు నెలలు నడిచింది.

"ఇది నాది," అన్నాడు.

"నేను రోజూ ఉన్నాను కదా సార్ అక్కడ. మా వాళ్ళంతా నా మాటే విన్నారు."

"ఉన్నావు. నువ్వు లేకపోతే ఆ ఒడ్డున మమ్మల్ని నిలబడనిచ్చేవాళ్ళే కాదు. కానీ డిజైను మారినప్పుడు ఎవరు మార్చారు? కాంక్రీటు పగుళ్ళిస్తే కలెక్టరాఫీసుకి వెళ్ళి జవాబు చెప్పిందెవరు?"

విజయ ఆలోచించింది. ఆ పగుళ్ళ రోజులు ఆమెకు బాగానే గుర్తున్నాయి. తను భయపడి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన గంటలో వచ్చి, సంచిలోంచి సుత్తి తీసి తట్టి చూసి, ఏం చేయాలో చెప్పాడు.

"మీరే సార్," అంది. పెన్ను తీసుకుని ఆ వరస తనే కొట్టేసింది.

అరవై ఆరులో పద్నాలుగు పోతే యాభై రెండు. మనసులో ఆ లెక్క పూర్తయ్యేసరికి ఆమెకు ఒక్క క్షణం నీరసం వచ్చిన మాట నిజమే. ఆ వెంటనే, సరే, ఎనిమిది నెలలు తక్కువ, అనుకుంది. చేతిలో పని ఉంది, నెలకో నెల పెరుగుతుంది. టెక్కలి పోస్టు పోతే ఇంకో పోస్టు వస్తుంది.

"సాల్లేదు సార్. ఇంకో ఎనిమిది నెలలు ఆగి మళ్ళీ వస్తాను," అని లేవబోయింది.

"కూర్చో. అంత తొందరేటి?" ఆయన కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. "బడి ఏదీ? మందస బడి గదులు. అది రాయలేదేం?"

"అప్పుడు నాను కడుపుతో ఉన్నాను సార్. సైటుకి ఎక్కడ పోయినాను? నాలుగో నెల తరవాత ఇంట్లోనే ఉన్నాను."

"ఇంట్లోనే ఉన్నావు. గదులు వాటంతటవే లేచాయా?"

విజయ మళ్ళీ కూర్చుంది.

"ఢిల్లీరావుని అడుగు," అన్నాడు. ఢిల్లీరావు ఆ బడి కట్టిన మేస్త్రి. "పొద్దున్న ఆరింటికల్లా నీకు వీడియో పంపకుండా వాడు తాపీ ముట్టుకున్నాడా? రెండో గది స్లాబు ఇనుము దగ్గరదగ్గరగా లేదని నువ్వు ఫోన్లో చూసి విప్పించావా లేదా? నేను ఆ సైటుకి రెండేసార్లు వెళ్ళాను, ఒకటి కొబ్బరికాయ కొట్టడానికి, రెండోది తాళాలివ్వడానికి. నడపడమంటే బూట్లేసుకుని తిరగడమనుకున్నావా?"

"నేను పోలేదు కదా అని..."

"నాది కానిది నాకొద్దు. నీది నువ్వెందుకు వదులుకుంటావు? రాయి."

రాసింది. తొమ్మిది నెలలు. యాభై రెండూ తొమ్మిదీ అరవై ఒకటి. తారకేశ్వరరావు ఒక్కో పని పక్కనా సంతకం పెట్టి, తేదీ వేసి, ఫోన్ నంబరు కూడా రాశాడు. "ఎవడైనా అడిగితే నాకు చెయ్యమను. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను," అన్నాడు. ఆయన భార్య భోజనం చేసి వెళ్ళమని పట్టుబట్టింది. సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుని విజయ ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుంది. పూండి స్టేషన్లో బండి ఆగినప్పుడు గౌతమికి ఫోన్ చేసి, "నువ్వు సిన్నది రాయి, నీకదే సరైనది. నాను పెద్దది రాత్తన్నాను," అని చెప్పింది.

అప్లికేషన్ పంపిన వారానికి ఆడిట్‌కి ఎంపికైందని మెయిలొచ్చింది. వచ్చిన వాటిలో కొన్నింటిని ఏరి నిజమో కాదో చూస్తారు. గౌతమి కంగారుపడింది. విజయ మాత్రం హరిశ్చంద్రపురం ఫోన్ చేసి, "సార్, అడుగుతున్నారు," అంది. తారకేశ్వరరావు కాగితాలు మూడో రోజుకే పంపించేశాడు. ఇంకో వారంలో పరీక్ష రాసుకోవచ్చని జవాబొచ్చింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మొదటి నమూనా పరీక్షలో నూటికి యాభై నాలుగు వచ్చాయి. కందకాలూ, గడువులూ, మనుషుల తగాదాల ప్రశ్నలు బాగానే రాసింది. దెబ్బతిన్నది ఎజైల్ దగ్గర. పని మొత్తం ముందే రాసుకోకుండా, సాఫ్ట్‌వేర్ వాళ్ళలాగా కొంచెం కొంచెంగా చేసి, చూసుకుని, మళ్ళీ మార్చుకుంటూ పోయే పద్ధతి అది. ముందు కొలిచి తర్వాత తవ్వే మనిషికి అది మింగుడుపడలేదు. ఇప్పటికైనా చిన్నదానికి మారమని మాస్టారు మెసేజ్ పెట్టాడు. విజయ థాంక్స్ చెప్పి, ఎజైల్ పాఠాలు మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది.

ఆ ఆదివారం కన్నవారింటికి వెళ్తే అప్పలరాజు ఇసకలో కూర్చుని వల అల్లుకుంటున్నాడు. కూతురు పక్కన కూర్చుని పుస్తకం తెరవడం చూసి ఏం చదువుతున్నావని అడిగాడు. ఆమె తనకొచ్చిన మాటల్లో చెప్పింది.

"అందులో తెలీందేటున్నాది?" అన్నాడాయన. "నెలకి సరిపడా ముందే సెప్పమంటే ఏటకెల్లీవోడెవుడూ సెప్పలేడు. ఈయాల పోతాం. ఏ లోతులో ఏటి పడిందో ఒడ్డుకొచ్చి నలుగురం సెప్పుకుంటాం. దాన్ని బట్టి రేపు ఏ వలెయ్యాలో, ఎటెల్లాలో అనుకుంటాం. గాలి మారితే అదీ మారుద్ది. ఇది సదువుకోడానికి పుస్తకం రాసినారేటి?"

"రాసినారు అయ్యా. పరీచ్చ కూడా పెట్టినారు."

"అయితే నన్నెల్లి రాయమంటావేటి?"

బొడ్డమ్మ లోపల్నుంచి వచ్చి, "నీకు పేరు రాయడమే రాదు గానీ దాన్ని సదువుకోనీ," అని మొగుణ్ణి కసిరింది.

విజయ నవ్వింది. కానీ ఆ రోజు తండ్రిని ఊరికే వదల్లేదు. ఎవరు ముందు మాట్లాడతారు, మాట కుదరకపోతే ఏం చేస్తారు, కొత్త వల పనికిరాదని ఎన్ని రోజులకు తేలుతుంది అని గంటసేపు అడిగింది. ఆ తర్వాత పాఠాలు చదువుతుంటే కళ్ళ ముందు కంప్యూటర్ల గది కాకుండా ఒడ్డు మీద గుండ్రంగా నిలబడ్డ మనుషులు కనిపించారు. రెండో నమూనా పరీక్షలో అరవై ఎనిమిది, మూడోదాంట్లో డెబ్బై ఆరు.

ఈలోగా గౌతమి చిన్న పరీక్ష రాసి పాసయింది. విజయ మిఠాయి పట్టుకుని పూండి వెళ్ళి, "రేపే టెక్కలికి అప్లై సెయ్యి. అసిస్టెంట్ పోస్టు ఇంకా ఉన్నాది," అని దగ్గరుండి మెయిల్ పంపించింది. ఆ పోస్టు గౌతమికి వచ్చింది కూడా.

అక్టోబరులో విజయ విశాఖ వెళ్ళి పరీక్ష రాసింది. నూట ఎనభై ప్రశ్నలు, దాదాపు నాలుగు గంటలు. మొదటి భాగం అయ్యేసరికి మెడ పట్టేసింది. రెండో భాగంలో వరసగా ఆరు ప్రశ్నలకు జవాబు తెలిసినట్టే ఉండి తెలియలేదు. వాటికి గుర్తు పెట్టుకుని ముందుకు పోయింది, ఆ భాగం చివర్లో తిరిగొచ్చి నింపింది. పూర్తిచేశాక తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. తర్వాత పాస్ అన్న మాట వచ్చింది. బయటికొచ్చి ముందు తారకేశ్వరరావుకే ఫోన్ చేసింది. "తెలుసు," అన్నాడాయన. "నేను సంతకం పెట్టింది తప్పు కాగితం మీద కాదు." ఉమామహేష్‌కి చేస్తే ఫ్యాక్టరీ యంత్రాల హోరులో ఏమీ వినిపించక, "ఏటీ? ఏటీ?" అని అరిచాడు. మెసేజ్ పెట్టమని అరిచి పెట్టేశాడు.

నవంబరు మొదటి సోమవారం విజయ టెక్కలి ఆఫీసులో కోఆర్డినేటర్‌గా చేరింది. లక్ష్మీప్రియ ఆమెను మీటింగు గదిలోకి తీసుకెళ్ళి పరిచయం చేసింది. బల్ల చుట్టూ ఏడుగురున్నారు, ఒక చివర గౌతమి లాప్‌టాప్‌తో కూర్చుంది. గోడ మీద మూడు నెలల పని ప్లాను రంగురంగుల గీతలతో వేలాడుతోంది. అలలకు అడ్డుగోడ కట్టే రాళ్ళ లారీలు ఒక జాలర్ల ఊరి ఒడ్డు రోడ్డు మీద ఉదయం ఆరు నుంచి నడుస్తాయని అందులో ఉంది.

విజయ దాని దగ్గరికి వెళ్ళి నిలబడి పూర్తిగా చదివింది.

"ఇది పనికిరాదండీ," అంది.

ప్లాను వేసిన ఇంజనీరు కుర్చీలో కదిలాడు.

"పడవలు ఒడ్డుకి చేరేది ఆరింటికి. తొమ్మిది దాకా ఆ రోడ్డు మీదే చేపల వేలంపాట జరుగుద్ది. మీ లారీలు మొదటి రోజే ఆగిపోతాయి, రెండో రోజు నుంచి ఊళ్ళోకే రానివ్వరు. తొమ్మిదిన్నర నుంచి మొదలుపెట్టి సాయంత్రం ఒక గంట పెంచుదాం. రేపు పొద్దున్న మీరూ నేనూ వెళ్ళి ఊరి పెద్దలతో మాట్లాడదాం. పాట టైంలోనే వెళ్దాం, అందరూ అక్కడే ఉంటారు."

ఆ ఇంజనీరు గోడ మీది గీతల వంకా ఆమె వంకా చూసి, "ఎన్నింటికి బయల్దేరాలి మేడమ్?" అని అడిగాడు.

"అయిదున్నరకి," అంది విజయ. గౌతమి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ప్లాను ఫైలు తెరవమంది.